లాభం కోసమే సాగు జరిగే లోకంలో అందరికీ తిండి దొరుకుతుందా?

"వ్యవసాయం పూర్తిగా వ్యాపారం అయిపోయింది. ఏ పంటకు డబ్బొస్తే అదే వేస్తున్నారు. ఇలాగైతే పెరిగే జనాభాకి వ్యవసాయం తిండి పెట్టగలదా?" అన్నది మీ ప్రశ్న. నేలల సారం, పంటల పోషణ మీద ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, నన్ను నేనూ చాలాసార్లు వేసుకున్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. నేల పెట్టగలదు, ఇవాళ పెడుతోంది కూడా. కానీ పండినది ఆకలి ఉన్న చోటికి పోదు, కొనే శక్తి ఉన్న చోటికి పోతుంది. ఆ దారి మళ్లించే పని లాభం తనంతట తాను చేయదు. ప్రభుత్వాలో, ప్రజలో పూనుకున్న చోటే ఆ పని జరిగింది.

ముందు లెక్క చూద్దాం. గోధుమ, వరి, మొక్కజొన్న, జొన్న, బార్లీ అన్నీ కలిపి ప్రపంచంలో ఏటా పండే ధాన్యం దాదాపు 280 కోట్ల టన్నులు. జనాభా 2022 నవంబరులో 800 కోట్లు దాటింది. పంచి చూస్తే ఒక్కొక్కరికి ఏడాదికి 340 కిలోల దాకా, అంటే రోజుకు కిలోకి కాస్త తక్కువ. కిలో ధాన్యంలో సుమారు 3,400 కేలరీలుంటాయి. పెద్ద మనిషికి రోజుకు కావలసినవి 2,000 నుంచి 2,500. పప్పులు, దుంపలు, నూనెగింజలు, పండ్లు, పాలు, చేపలు పక్కన పెట్టినా, ఒక్క ధాన్యంతోనే అందరి కడుపూ నిండాలి. అయినా ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా ప్రకారం 2023లో 71 కోట్ల నుంచి 76 కోట్ల మంది ఆకలితో ఉన్నారు. కడుపు నిండడం వేరు, ఒంటికి పట్టే తిండి వేరు. పోషకాలున్న తిండి కొనుక్కునే స్తోమత లేనివాళ్లు 2022లో దాదాపు 280 కోట్లని అవే సంస్థలు లెక్క కట్టాయి.

మరి ధాన్యం ఎటు పోతోంది? మనుషులు నేరుగా తినేది సగం కంటే తక్కువ. మూడో వంతుకు పైగా పశువులకు, కోళ్లకు, పందులకు దాణాగా పోతుంది. మిగిలింది ఇథనాల్, స్టార్చ్, విత్తనం, వృథా. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో అన్ని పంటల కేలరీలూ లెక్కేశారు. అందులో 36 శాతం దాణాకి పోతున్నాయని, అలా పోయిన కేలరీల్లో మాంసం, గుడ్లు, పాల రూపంలో మనిషికి తిరిగొచ్చేది నూటికి 12 మాత్రమేనని తేలింది. పండే పంటలన్నీ మనుషుల కోసమే అయితే మరో 400 కోట్ల మందికి సరిపడా కేలరీలు మిగులుతాయన్నారు. ఇక్కడ ఒక మాట చెప్పకపోతే పశువులు పెంచేవాళ్లకు అన్యాయం చేసినట్టవుతుంది. పశువులు తినేదాంట్లో ఎక్కువ భాగం గడ్డి, చొప్ప, పొట్టు, తెలగపిండి లాంటివే. మనిషి తినలేనిదాన్ని అవి పాలుగా, మాంసంగా మారుస్తాయి. దున్నడానికి పనికిరాని బీడు భూముల్లో పశువుల్ని మేపుకునేవాళ్ల గురించి కాదు నేను చెప్పేది. మంచి సాగు భూమిలో మనిషి తినగలిగే గింజ పండించి దాణాకి పంపడం గురించి.

ఆకలికీ పంట కొరతకీ సంబంధం మనం అనుకున్నంత గట్టిది కాదు. దీన్ని లెక్కలతో చూపించినవాడు ఆర్థికవేత్త అమర్త్య సేన్. 1943 బెంగాల్ కరువులో 20 లక్షల నుంచి 30 లక్షల మంది చనిపోయారు. ఆ ఏడాది బెంగాల్లో ఉన్న తిండి అంతకు ముందు ఐదేళ్ల సగటు కంటే 5 శాతమే తక్కువని, కరువు లేని 1941 కంటే ఎక్కువేనని ఆయన 1981లో చూపించారు. యుద్ధపు ఖర్చుతో బియ్యం ధర ఎగసింది, కూలి పెరగలేదు. చనిపోయినవాళ్లు భూమి లేని కూలీలు, జాలరులు, చేతివృత్తులవాళ్లు. సేన్ లెక్కలతో విభేదించిన పండితులున్నారు కానీ, చచ్చిపోయింది ఎవరన్న విషయంలో ఎవరికీ అనుమానం లేదు. అంతకు వందేళ్ల ముందు ఐర్లండ్‌లోనూ ఇంతే. 1845 నుంచి తెగులు బంగాళాదుంప పంటను తుడిచిపెట్టింది, పది లక్షల మంది దాకా పోయారు. అదే కాలంలో అక్కడి రేవుల నుంచి ఓట్స్ ధాన్యం, పశువులు, వెన్న ఓడలకెక్కి ఇంగ్లండ్ వెళ్తూనే ఉన్నాయి. పేదవాడి పంట తెగులుకు పోయింది. డబ్బున్నవాడి కోసం పండిన పంట బాగానే ఉంది.

ఇది పాత కథ అనుకోకండి. 2007-08లో బియ్యం పంట ఎక్కడా పెద్దగా దెబ్బతినలేదు. అయినా అంతర్జాతీయ మార్కెట్లో ధర కొన్ని నెలల్లో మూడింతలైంది, టన్ను వెయ్యి డాలర్ల దాకా వెళ్లింది. ఎలా జరిగిందో చూడండి. చమురు ధర పెరిగింది. అమెరికా 2005, 2007 చట్టాలతో పెట్రోల్‌లో ఇథనాల్ కలపడం తప్పనిసరి చేసింది, అక్కడ అది ఎక్కువగా మొక్కజొన్న నుంచే తీస్తారు కాబట్టి మొక్కజొన్నకు గిరాకీ పెరిగింది. గోధుమ, మొక్కజొన్న ధరలు ఎగిసేసరికి బియ్యం పండించే దేశాలు భయపడి ఎగుమతులు ఆపేశాయి. కొనే దేశాలు ఇంకా భయపడి ఎంత ధరకైనా కొని దాచుకున్నాయి. ప్రపంచంలో పండే బియ్యంలో దేశాల సరిహద్దులు దాటేది సుమారు పదో వంతే కాబట్టి, ఆ కాస్త మార్కెట్లో చిన్న కుదుపు వచ్చినా ధర అదుపు తప్పుతుంది. హైతీలో జనం వీధుల్లోకి వచ్చారు, 2008 ఏప్రిల్లో అక్కడి ప్రధాని పదవే పోయింది. సంపాదనలో నూటికి పది తిండికి పెట్టే కుటుంబానికి ధర రెట్టింపైతే చిరాకు పుడుతుంది. నూటికి అరవై పెట్టే కుటుంబంలో పిల్లలకు ఒక పూట తగ్గుతుంది. మార్కెట్‌కి ఈ రెండు ఇళ్లకీ తేడా తెలియదు.

ఇంతవరకు చదివి, "అయితే లాభమే శత్రువు, దాన్ని తీసేస్తే సరి" అనుకుంటే పొరపాటు. తీసేసి చూసిన దేశం ఉంది. చైనాలో 1958లో కమ్యూన్లు, అంటే ఊళ్లన్నీ కలిసి ఉమ్మడిగా సాగు చేసే పద్ధతి, పెట్టి సొంత సాగు రద్దు చేశారు. పండించినా పండించకపోయినా రైతుకు తేడా లేకుండా పోయింది. అధికారులు పైకి మెప్పు కోసం లేని పంటను రాసి పంపారు, ఆ లెక్క చూసి ఉన్న ధాన్యాన్ని కూడా ఊళ్ల నుంచి తరలించారు. 1959 నుంచి 1961 దాకా వచ్చిన కరువులో చనిపోయినవాళ్ల సంఖ్య మీద అంచనాలు వేరువేరుగా ఉన్నా, అన్నీ కోట్లలోనే ఉన్నాయి. 1978 చివర్లో అన్హుయి రాష్ట్రంలోని షియావోగాంగ్ అనే పల్లెలో 18 కుటుంబాలవాళ్లు భూమిని రహస్యంగా పంచుకుని, ప్రభుత్వ వాటా పోగా మిగిలింది ఎవరిది వాళ్లు ఉంచుకోవాలని ఒప్పందం రాసుకున్నారు. దొరికితే జైలే. ఆ పద్ధతి దేశమంతా పాకింది. 1978లో 30.5 కోట్ల టన్నులున్న చైనా ధాన్యం పంట 1984కి 40.7 కోట్ల టన్నులైంది. సేకరణ ధర పెంచడం, ఎరువులు, హైబ్రిడ్ వరి కూడా ఇందులో ఉన్నాయి. కానీ మిగులు తనదే అని తెలిశాక రైతు చేలో పెట్టే శ్రద్ధ వేరుగా ఉంటుంది. అది నేను నా కళ్లతో ఎన్నో చోట్ల చూశాను. రైతుకు లాభం రావాలి. రాకపోతే అతను పండించడు, అతని పిల్లలు అసలే పండించరు.

అందుకే నేను ప్రశ్నను కొంచెం మార్చి అడుగుతాను: వ్యవసాయంలో లాభం ఉందంటున్నాం కదా, అది ఎవరి చేతిలో పడుతోంది?

ఒక సంగతి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కూరగాయ పంట మీద పనిచేశాను. మట్టి పరీక్ష చేసి, ఎరువు మోతాదు సరిచేసి, దిగుబడి బాగా పెంచాం. ముందు ఏడాది ధర బాగుండటంతో ఆ ప్రాంతమంతా అదే పంట వేశారు. అంతా ఒక్కసారే కోతకొచ్చింది. ధర పడిపోయింది. కోత కూలి, బస్తాలు, బండి కిరాయి కలిపితే అమ్మగా వచ్చేదానికన్నా ఎక్కువైంది. ఒక రైతు నన్ను గట్టు మీద నిలబెట్టి, నా ముందే కాయలతో నిండిన చేను మీద ట్రాక్టర్ తోలించాడు. "దిగుబడి పెంచమని చెప్పింది మీరే కదా సార్" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటిదాకా నా పని దిగుబడితో పూర్తవుతుందని నమ్మాను.

తరువాత చదువుకున్నాక తెలిసింది, ఆర్థికవేత్తలు దీన్ని ఎప్పుడో వివరించారని. తిండికి ఒక గుణం ఉంది. ధర సగమైందని మనిషి రెండింతలు తినడు. కాబట్టి పంట కొద్దిగా ఎక్కువైనా ధర చాలా ఎక్కువగా పడుతుంది. విల్లార్డ్ కాక్రేన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1958లో దీన్ని ట్రెడ్‌మిల్‌తో పోల్చాడు. కొత్త విత్తనమో యంత్రమో ముందుగా అందుకున్న రైతుకు నాలుగు డబ్బులు మిగులుతాయి. చూసి అందరూ వాడతారు, పంట పెరుగుతుంది, ధర తగ్గుతుంది. ఇప్పుడు ఆ యంత్రం వాడినా మిగులు లేదు, వాడకపోతే నష్టం. ఎంత పరిగెత్తినా ఉన్నచోటే. ఆగినవాడి భూమి పక్కవాడు కొంటాడు. ఈ పరుగులో విత్తనం, ఎరువు, యంత్రం అమ్మేవాళ్లకు మొదట్లోనే డబ్బొస్తుంది. కొని శుద్ధి చేసి అమ్మేవాళ్లకు చివర్లో వస్తుంది. మధ్యలో వానకీ, పురుగుకీ, ధరకీ పూచీ పడేది రైతు. అమెరికాలో తిండి మీద పెట్టే ఒక డాలర్‌లో రైతుకు చేరేది సుమారు 15 సెంట్లని అక్కడి వ్యవసాయ శాఖే లెక్క చెబుతుంది. అందులోంచే అతను పెట్టుబడి తీసుకోవాలి.

చిన్న రైతుల గురించి ఒక లెక్క సరిచేస్తాను, ఎందుకంటే ఇది తరచూ తప్పుగా వినిపిస్తుంది. "ప్రపంచానికి 70 శాతం తిండి చిన్న రైతులే పెడుతున్నారు" అంటారు. రెండు హెక్టార్ల లోపు కమతాలను చిన్నవనుకుంటే, కమతాల సంఖ్యలో అవి ఆరింట ఐదు వంతులు, సాగు భూమిలో 12 శాతం, పండించే తిండి దాదాపు 35 శాతం. 70 కాకపోయినా, 12 శాతం భూమిలో 35 శాతం తిండి అన్నది తక్కువ విషయం కాదు. వాళ్ల మీద ప్రేమతో అంకెలు పెంచాల్సిన అవసరం లేదు, ఉన్న అంకే వాళ్ల పక్షాన మాట్లాడుతోంది.

లాభం వెళ్లని చోట్లు మరికొన్ని ఉన్నాయి. విత్తన పరిశోధన అందులో ముఖ్యమైనది. మొక్కజొన్న హైబ్రిడ్ వేస్తే, పండిన గింజను మళ్లీ విత్తితే అదే దిగుబడి రాదు. ప్రతి ఏడూ కొనాలి. కాబట్టి కంపెనీలు దాని మీద కోట్లు ఖర్చు పెడతాయి. శనగ, అలసంద లాంటివి తమలో తామే ఫలదీకరణం చెందుతాయి. రైతు ఒకసారి విత్తనం కొంటే ఏళ్ల తరబడి దాచి వాడుకుంటాడు, పొరుగువాడికీ ఇస్తాడు. ఏ కంపెనీ అయినా దాని మీద డబ్బు ఎందుకు పెడుతుంది? కర్రపెండలం కోట్ల మంది పేదల ముఖ్య ఆహారం, కానీ ఆ పేదలు మార్కెట్‌కి కనిపించరు. జన్యుమార్పిడి పంటలు 1996 నుంచి పెద్ద ఎత్తున సాగులో ఉన్నాయి. ఇన్నేళ్లయినా ఆ విస్తీర్ణం దాదాపు అంతా సోయా, మొక్కజొన్న, పత్తి, కనోలా (ఆవాల జాతి నూనెగింజ) అనే నాలుగు పంటలదే. ఆ సాంకేతికత మంచిదా చెడ్డదా అన్న గొడవలోకి నేను వెళ్లను, నా అభ్యంతరం అక్కడ లేదు. ఎవరి పంట మీద పనిచేయాలో నిర్ణయించింది గిరాకీ, అదీ నా బాధ.

మరి హరిత విప్లవపు విత్తనాలో? నార్మన్ బోర్లాగ్ అనే అమెరికా శాస్త్రవేత్త మెక్సికోలో పొట్టి గోధుమను తయారుచేసింది ఒక దాతృత్వ సంస్థా, అక్కడి ప్రభుత్వమూ ఇచ్చిన డబ్బుతో. 1966లో ఐఆర్8 వరి వచ్చింది 1960లో ఫిలిప్పీన్స్‌లో పెట్టిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నుంచి. అడిగిన దేశానికల్లా ఆ విత్తనం ఇచ్చారు. పేటెంట్ లేదు, రాయల్టీ లేదు. ఆ తరహా విత్తనాలే కోట్ల మంది పళ్లెంలోకి తిండి తెచ్చాయి, బోర్లాగ్‌కు 1970లో నోబెల్ శాంతి బహుమతి తెచ్చాయి. నీళ్ల ఖర్చు, పురుగుమందులు, పంటల వైవిధ్యం పోవడం వంటి తప్పులు ఆ విప్లవానికి చాలా ఉన్నాయి. కానీ ఆ విత్తనాలు పుట్టింది లాభాపేక్షలో కాదన్నది మర్చిపోతున్నాం.

ఇక నా సొంత విషయం, నేల. ఫ్రిట్జ్ హాబర్ 1909లో గాలిలోని నత్రజనితో, యూరియా లాంటి ఎరువులకు మూలమైన అమ్మోనియా చేసి చూపించాడు, కార్ల్ బాష్ దాన్ని 1913లో ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. ఇవాళ ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తిండి ఆ నత్రజని మీద ఆధారపడి ఉంది. అందుకే "రసాయన ఎరువులు రేపే ఆపేద్దాం" అనే మాట వింటే నాకు భయం వేస్తుంది. శ్రీలంక 2021లో అదే చేసింది. ఎరువుల దిగుమతి ఒక్కసారిగా నిషేధించింది, కొన్ని నెలల్లో వరి దిగుబడి పడిపోయి బియ్యం బయటి నుంచి కొనాల్సి వచ్చింది, నవంబరుకల్లా నిషేధం ఎత్తేసింది. సేంద్రియ సాగు చెడ్డదని కాదు. సేంద్రియ పదార్థం తగ్గిన నేల కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది, జీవో కాగితంతో రాదు. అలాగని ఇప్పుడు వాడుతున్న తీరు సరైనదీ కాదు. వేసిన నత్రజనిలో పంట తీసుకునేది ప్రపంచ సగటున సగానికి అటూ ఇటూగా ఉంటుంది. మిగతాది చెరువుల్లోకి, భూగర్భ జలాల్లోకి, గాలిలోకి పోతుంది.

లాభం దృష్టి ఇక్కడ చాలా దగ్గరిచూపు. ఈ ఏడు కౌలుకు తీసుకుని వచ్చే ఏడు ఉంటాడో లేదో తెలియని రైతు నేలలో పశువుల ఎరువు ఎందుకు వేస్తాడు, పచ్చిరొట్ట ఎందుకు దున్నుతాడు? దాని ఫలితం అందేది నాలుగో ఏట, వేరేవాడికి. అది అతని తప్పు కాదు. అప్పిచ్చినవాడు కోతకే లెక్క అడుగుతాడు. కొట్టుకుపోయిన పైమట్టి ఏ ఖాతాపుస్తకంలోనూ ఖర్చుగా రాయబడదు, కాబట్టి కాగితం మీద ఆ చేను లాభాల్లోనే ఉంటుంది. ఒక అంగుళం పైమట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది. పదేళ్ల తేడాతో ఒకే చేను మట్టి రెండుసార్లు చేతిలోకి తీసుకున్నవాళ్లకు తెలుస్తుంది, మొదటిసారి నలిపితే పొడిపొడిగా రాలిన మట్టి రెండోసారి గడ్డకట్టి ఉంటే గుండెల్లో ఎలా ఉంటుందో.

"అయితే ఏం చేయాలి" అని అడుగుతారు. చేసి చూపించిన దేశం ఒకటి చెబుతాను. బ్రెజిల్ ప్రపంచానికి సోయా, మాంసం, పంచదార ఎగుమతి చేస్తుంది. వ్యాపార వ్యవసాయం అంటే అదే. అయినా సొంత జనం ఆకలితో ఉండేవాళ్లు. 2003లో అక్కడి ప్రభుత్వం ఆకలి లేకుండా చేస్తామని కార్యక్రమం మొదలుపెట్టింది. పేద కుటుంబాలకు నేరుగా డబ్బు, కనీస వేతనం పెంపు, బడిలో భోజనం. 2009 చట్టంతో బడి భోజనానికి కేంద్రం ఇచ్చే నిధుల్లో కనీసం 30 శాతం చిన్న కుటుంబ రైతుల పంట కొనడానికే పెట్టాలన్నారు. అంటే పేద పిల్లకు తిండి, పేద రైతుకు ఖాయమైన గిరాకీ, రెండూ ఒకే డబ్బుతో. 2014కి ఐక్యరాజ్యసమితి ఆకలి పటం నుంచి, అంటే ఆకలి ఎక్కువగా ఉన్న దేశాల జాబితా నుంచి, ఆ దేశం బయటపడింది. తరువాత ఆ కార్యక్రమాలకు కోత పడింది, కరోనా వచ్చింది, ఆకలి తిరిగొచ్చింది. మళ్లీ పట్టించుకున్నాక 2025లో రెండోసారి బయటపడింది. ఈ ఇరవై ఏళ్లలో బ్రెజిల్ ఎగుమతులు ఎప్పుడూ ఆగలేదు. పొలాల్లో పంట ఉండగానే ఆకలి పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది.

డబ్బు లేదనే మాట నేను ఒప్పుకోను. ప్రభుత్వాలు వ్యవసాయానికి ఏటా ఇచ్చే మద్దతు 54,000 కోట్ల డాలర్లని, అందులో 87 శాతం ధరలను వంకర చేసేదో, ప్రకృతికి హాని చేసేదో అని 2021లో ఐక్యరాజ్యసమితి సంస్థలు తేల్చాయి. అందులో కొంత భాగాన్ని నేల ఆరోగ్యానికీ, గిడ్డంగులకీ, పట్టించుకోని పంటల పరిశోధనకీ మళ్లిస్తే చాలు. కోతకీ దుకాణానికీ మధ్యే ప్రపంచ ఆహారంలో 13 శాతం దాకా పోతోంది. గాలి చొరబడని సంచి, ఎండబెట్టే కళ్లం, చల్లని గది, రోడ్డు ఉంటే అందులో చాలా భాగం నిలుస్తుంది.

ముందు ముందు నిజమైన పరీక్ష సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో. 2050కి ప్రపంచ జనాభా 970 కోట్లకు చేరుతుందని అంచనా, ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం అక్కడే. అక్కడ హెక్టారుకు ధాన్యం దిగుబడి టన్నున్నర చుట్టూ ఉంది, ప్రపంచ సగటు నాలుగు టన్నులు. నేలలో పోషకాలు తగ్గుతున్నా ఎరువు చాలా తక్కువ వాడతారు. 2006లో నైజీరియా రాజధాని అబుజాలో సమావేశమైన ఆఫ్రికా దేశాలు 2015కల్లా హెక్టారుకు 50 కిలోల పోషకాలు వాడేలా చేస్తామన్నాయి. గడువు దాటి పదేళ్లయినా చాలా దేశాలు అందులో సగానికి కూడా చేరలేదు. రేవుకు దూరంగా ఉన్న పల్లెకి చేరేసరికి ఎరువు బస్తా ధర విపరీతంగా పెరుగుతుంది, కొనగలిగే రైతు ఉండడు, కొనేవాడు లేనిచోటికి అమ్మేవాడు రాడు. మార్కెట్ ఆ ముడిని తనంతట విప్పదు. ఒకచోట ఎరువు మరీ ఎక్కువై నదులు పాడవుతుంటే, ఇంకోచోట గుప్పెడు ఎరువు లేక పంట పాలిపోతుంటే, ఒకే పనిలో ఉన్నవాడిగా నాకు ఇది అన్నిటికంటే బాధగా ఉంటుంది.

నాకు నిజంగా టెన్షన్ కలిగించేది ఒకటుంది. వాతావరణం మారుతున్న కొద్దీ, రెండు మూడు పెద్ద ధాన్యాగారాల్లాంటి దేశాల్లో ఒకే ఏడాది పంట పోతే? 2010లో ఒక్క రష్యాలో కరువొచ్చి, అది గోధుమ ఎగుమతి ఆపేస్తేనే ధరలు ఎగిశాయి. ఆ మరుసటి ఏడాది జి20 దేశాలు ధాన్యం నిల్వల సమాచారం అందరికీ తెలిసేలా ఒక వ్యవస్థ పెట్టుకున్నాయి. ఎవరి దగ్గర ఎంత ఉందో తెలిస్తే భయంతో కొనడం తగ్గుతుందని. నిల్వ ఉంచడం వ్యాపారికి ఖర్చు, అందుకే అతను అవసరానికి మించి ఉంచడు. ప్రభుత్వమే ఉంచాలి, చెడిపోకుండా తిప్పాలి, ధర పెరిగినప్పుడు ధైర్యంగా విడుదల చేయాలి. 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధంతో గోధుమ, నూనెల ధరలు ఎగిసి ప్రపంచ ఆహార ధరల సూచీ రికార్డు స్థాయికి వెళ్లింది. ఆ నెలల్లో నేను రోజూ బియ్యం ధర చూసేవాణ్ణి, 2008 మళ్లీ వస్తుందేమోనని. రాలేదు. ఆసియాలో గోదాముల నిండా బియ్యం ఉంది, అది అందరికీ తెలుసు, ఎవరూ భయపడి ఎగబడలేదు.